వేసవి విడిది: కడలితీరమున గోల్ఫ్

వేసవి సెలవులలో ఒక వారమో పది దినములో ఇల్లు విడిచి, పగటివేళ కొంతసేపు గోల్ఫ్ ఆడుటకును కొంతసేపు సముద్రస్నానము చేయుటకును వీలైన యొక తావున బస చేయు ఆచారము పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున స్కాట్లండు తీరమందు రైలుబండ్లతో పాటు ప్రబలినది. అది అచటి నుండి ఇంగ్లండునకును అమెరికా సంయుక్తరాష్ట్రములకును ప్రాకి, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పోర్చుగల్, స్పెయిన్ దేశముల దక్షిణతీరములకును వ్యాపించెను. నేడు ఇట్టి విడిదిపట్టులు లోకమున వందలకొలది కలవు. వానిలో ఒకదానిని ఎంచుకొనువారు సాధారణముగా హోటలు వైభవమును, మైదానపు కీర్తిని, విమానపు ఖర్చును చూతురు. అవి చూడదగినవే, కాని అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. పదునెనిమిది గుంటల ఆట సామాన్యముగా నాలుగు గంటలు, రద్దీ దినమున ఐదు గంటలు పట్టును. ఇంటిల్లిపాదిలో గోల్ఫ్ ఆడువారు ఒకరో ఇద్దరో. తక్కినవారికి ఆ ఐదు గంటలు ఎట్లు గడచును? ఆటస్థలము ఒక ఊరను, సముద్రపు ఒడ్డు మరియొక ఊరను ఉన్నచో ఆ కుటుంబము విహారమునకు వచ్చియు విడివిడిగానే కాలము గడపును. కావున ఆట ముగించినవాడు కర్రలసంచి దింపి పది నిమిషములు నడచిన ఇసుకలో పాదము మోపగలుగునా యన్నదే ఈ ఎంపికలో మొదటి ప్రశ్నగా ఉండవలెనని ఈ వ్యాసకర్త తలంపు.

ఆ ప్రశ్నకు గోల్ఫ్ చరిత్రయే ఒక సమాధానము చెప్పుచున్నది. ఏలయన ఇది సముద్రపుటిసుకలో పుట్టిన ఆట. మంచుయుగము ముగిసి, నేలను అణచియుంచిన మంచుభారము కరగిపోగా, స్కాట్లండు భూభాగము మెల్లమెల్లగా పైకి లేచెను. ఒకప్పటి ఒడ్డు నీటికి దూరమై మేటగా మిగిలెను. ఆ మేటపై గాలి ఇసుకను తెచ్చిపోసి దిబ్బలుగా పేర్చినది. దిబ్బలపై మర్రమ్ గడ్డియు, వాని వెనుకటి పల్లములలో దారమువలె సన్నని ఫెస్క్యూ గడ్డియు మొలచి ఇసుకను కదలనీక పట్టుకొన్నవి. సముద్రమునకును సాగునేలకును నడుమ నున్న ఈ సంధిభూమినే లింక్స్ అందురు. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుకనేలలో నడచినవారికి దీని స్వభావమును విడమరచి చెప్పనక్కరలేదు: ఎంత వాన కురిసినను గడియలో నీరింకి, చెప్పునకు బురద యంటని ఆ నేల సరుగుడునకును జీడిమామిడికిని అనుకూలించునే గాని వరికి లొంగదు. స్కాట్లండున కూడ అట్లే నాగలి ఈ నేలను వదలివేసినది. గొఱ్ఱెలును కుందేళ్ళును దానిని ఆశ్రయించినవి. అవి కొఱికి కొఱికి పొట్టిచేసిన గడ్డియే తొలి ఆటస్థలమాయెను. చలిగాలికి ఓర్వలేక గొఱ్ఱెలు ఒదిగి పండుకొన్నచోట గడ్డి అరిగి ఇసుక బయటపడగా ఏర్పడిన గుంతలే నేటి బంకరులకు మూలమని అచటివారి నమ్మకము. నీరు నిలువని గట్టినేల గనుక బంతి పడినచోట ఆగిపోక దొర్లును. గాలికి అడ్డు లేదు గనుక ఎగిరిన బంతి ప్రక్కకు కొట్టుకొనిపోవును. నేలను, గాలిని చదువుకొని ఆడుటయే ఈ ఆటకు ప్రాణము. తరువాతి కాలమున లోపలి బంకమట్టి నేలలలో వేసిన మైదానములన్నియు ఈ ఇసుకభూమిని అనుకరించుటకు చేసిన ప్రయత్నములే. బంకరులో ఇసుక పోయుట ఆ జన్మస్థలపు జ్ఞాపకమే.

ఈ ఆట అచట ఎంత పాతదనగా, ప్రజలు విలువిద్య మాని దీనిలో పడిపోవుచున్నారని 1457లో రాజు రెండవ జేమ్స్ కాలపు పార్లమెంటు దీనిని నిషేధించెను. సెయింట్ ఆండ్రూస్ పట్టణపు లింక్స్ భూమిపై కుందేళ్ళను పెంచుకొనుటకు ఊరివారి అనుమతి పొందుచు 1552లో ఆర్చిబిషపు జాన్ హామిల్టన్ వ్రాసియిచ్చిన శాసనపత్రము, ఆ భూమిపై గోల్ఫ్ మున్నగు ఆటలాడుకొను హక్కు ఊరివారిదేనని అంగీకరించినది. 1754లో ఇరువది ఇద్దరు పెద్దమనుష్యులు కలిసి అచట ఆటగాండ్ర సంఘమును స్థాపించిరి. 1764లో ఇరువది రెండు గుంటల ఆటను పదునెనిమిదికి తగ్గించిరి. లోకమంతటను నేడు చెల్లుచున్న లెక్క అదియే. 1852లో రైలు ఆ ఊరికి వచ్చెను. అంతకు రెండేండ్ల ముందు ఎడింబరోకు తూర్పున నున్న నార్త్ బెరిక్కునకు వచ్చెను. రైలు వచ్చుటతోనే వేసవి మకాములు మొదలైనవి: తండ్రి లింక్స్ పైన, పిల్లలు ఇసుకలో, తల్లి కొంతసేపు ఇచట, కొంతసేపు అచట. సెయింట్ ఆండ్రూస్ రైలుస్టేషను 1969లో మూతపడినది. నేటి యాత్రికుడు సుమారు 8 కిలోమీటర్ల దూరమున నున్న లూకర్స్ స్టేషనులో దిగి బస్సు పట్టవలెను. ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని, కర్రలసంచి, పెట్టెలు, చంటిబిడ్డలతో వచ్చువారు ముందుగా తెలిసికొనదగినది.

సెయింట్ ఆండ్రూస్ లింక్స్ పేర నేడు ఏడు కోర్సులు కలవు. వానిలో పాతదియు ప్రసిద్ధమైనదియు ఓల్డ్ కోర్సు. దానిపై ఇసుక బంకరులు 112; పదునాలుగు గుంటలు రెండేసి చొప్పున గ్రీనులు అను, గుంట చుట్టునుండు నున్నని పచ్చికలను, విశాలమైనవి ఏడింటిని పంచుకొనును; అట్లు జతపడిన గుంటల సంఖ్యలను కూడిన ప్రతిసారియు పదునెనిమిదియే వచ్చును. ఈ లింక్స్ భూమి ఏ ధనికుని సొత్తును కాదు. ప్రజల భూమి, ఒక ధర్మకర్తల సంస్థ దానిని నడుపుచున్నది. కాబట్టి ఏ దేశపు సామాన్యుడైనను ఓల్డ్ కోర్సుపై ఆడవచ్చును. ముందుగా స్థలము దొరకనివారు ఆడదలచిన దినమునకు రెండు దినములు ముందు తమ పేర్లు ఇచ్చుకొందురు. చీటీలు తీసి ఎవరి వంతు వచ్చినదో ప్రకటింతురు. వంతు రాలేదని చిన్నబుచ్చుకొనక, ఒక్క దినపు యాత్ర కాక నాలుగైదు దినముల బస పెట్టుకొన్నవారికి అవకాశము పెరుగును. అంతలో 1895 నాటి న్యూ కోర్సుననో, 1897 నాటి జూబిలీ కోర్సుననో ఆడుకొనవచ్చును.

ఆటరానివారికి ఈ ఊరు ఇచ్చు కానుక మరియొకటి కలదు. ఓల్డ్ కోర్సు ప్రక్కనే, సముద్రము వైపున, గుట్టలు గుట్టలుగా ఎత్తుపల్లములతో నిండిన ఒక పచ్చికబయలున్నది. దానిని ఊరివారు ముద్దుగా 'హిమాలయములు' అని పిలుతురు. 1867లో స్థాపింపబడిన స్త్రీల పటింగు క్లబ్బుది ఈ స్థలము. ఆనాడు ఆడుదాని చేయి భుజము మీదికి లేచునట్లు కర్రను విసరుట మర్యాద కాదని పెద్దలు భావింపగా, స్త్రీలు బంతిని నేలపై మెల్లగా దొర్లించు ఈ ఆటను తమదిగా చేసికొనిరి. నేడు స్వల్పమైన రుసుము చెల్లించి ఎవరైనను ఒక కర్ర, ఒక బంతి తీసికొని దిగవచ్చును. మోకాలెత్తు గుట్ట నెక్కించిన బంతి అవతలి వైపు జారి, మరల వంపు తిరిగి, కొట్టినవారి కాళ్ళకడకే వచ్చి ఆగుట ఇచట అనుక్షణము జరుగును. ఎనిమిదేండ్ల పిల్లయు, జీవితమంతయు ఆడిన తాతయు ఆ వంపు ముందు సమానులే. దానిని దాటి దిబ్బల నడుమ నడచిన వెంటనే వెస్ట్ శాండ్స్ అను ఇసుకతీరము ఇంచుమించు 3 కిలోమీటర్ల పొడవున పఱచుకొని కనబడును. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' చలనచిత్రపు ప్రారంభమున యువకులు అలలంచున పరుగెత్తునది ఈ తీరముననే.

నా దృష్టిలో, పిల్లలున్న కుటుంబమునకు సెయింట్ ఆండ్రూస్ కంటె నార్త్ బెరిక్కు ఒకపాలు మేలు. ఎడింబరో నుండి రైలులో అరగంటకు కొంచెము పైగా ప్రయాణము. స్టేషను నుండి సముద్రమునకు నడచిపోవచ్చును. వెస్ట్ లింక్స్ అను కోర్సు ఊరినంటి మొదలై తీరము వెంబడి సాగును. రెండవ గుంట యొద్ద కుడివైపునకు తప్పిన బంతి సముద్రపుటిసుకలో పడును. దానిని అచటనే నిలిచి మరల కొట్టవచ్చును, ఇసుకమేడలు కట్టుకొను పిల్లలు ప్రక్కకు తొలగువరకు ఓపికపట్టవలెను, అంతే. పదమూడవ గుంటకు ముందు ఒక పాత రాతిగోడ అడ్డముండును. బంతిని దానిపై నుండి దాటించినగాని గ్రీను చేరదు. పదునైదవది 'రెడాన్', ముందునుండి వెనుకకు, ఏటవాలుగా వాలియున్న ఆ గ్రీనును చూచిపోయి లోకమున ఎన్నో మైదానముల నిర్మాతలు దానికి నకళ్ళు వేసిరి. ఊరి రెండవవైపు తీరమున, పోటులో నిండి ఆటులో నిలిచిపోవునట్లు రాతికట్టు గట్టిన కొలనులో చిన్నపిల్లలు నిర్భయముగా నీటిలో దిగుదురు. ఎదుట సముద్రములో బాస్ రాక్ అను కొండ వేసవియంతయు తెల్లగా కనబడును. ఆ తెలుపు సున్నము కాదు, మంచు కాదు, గూళ్ళు కట్టి మూగిన వేలాది గానెట్ పక్షులును, వాని రెట్టయును. ఆ పక్షికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే ఈ కొండను బట్టి వచ్చినది. దగ్గరలోని గలన్ గ్రామమున పిల్లల కొరకు ఉచితముగా ఒక చిన్న కోర్సును ఉంచినారు. పెద్దలు అందు ఆడవలెనన్న వెంట ఒక పిల్లవానిని తీసికొనిపోవలెను. ఇంతకంటె మంచి నియమము ఏ క్రీడాస్థలమందును నేను వినియుండలేదు.

ఇంతగా మెచ్చుకొన్న తీరమునందలి లోపమును దాచుట తగదు. ఉత్తరసముద్రపు నీరు వేసవిలో కూడ 13, 14 డిగ్రీలకు మించుట అరుదు. మన సముద్రములో గంటలకొలది మునిగియుండుటకు అలవాటుపడినవారు మోకాలిలోతు దిగి వణకుచు వెనుకకు వత్తురు. గాలి వేడిమియు మధ్యాహ్నమున 18, 19 డిగ్రీలే. తూర్పుతీరమున 'హార్' అను మంచుతెర ఒకటి సముద్రముపై పుట్టి, లోపలి ఊళ్ళు ఎండలో వెలుగుచుండగానే తీరమును కప్పివేయును. అట్టివేళ రెండువందల గజముల దూరమున జెండా కానరాదు. ఐనను దీనికి ప్రతిగా ప్రకృతి యిచ్చినది వెలుగు. జూను నెలలో సెయింట్ ఆండ్రూస్ పగలు పదునేడున్నర గంటలు. తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యుడుదయించి రాత్రి పదింటికి అస్తమించును. ఉదయము పిల్లలతో ఇసుకలో గడపి, భోజనముచేసి, కునుకు తీసి, సాయంత్రము అయిదింటికి మొదటి బంతి కొట్టినను వెలుగుండగనే ఆట ముగియును. ఆడువారికిని ఆడనివారికిని పగటిని పంచియిచ్చుటకు ఇంతకంటె అనువైన అక్షాంశము లేదు.

వెచ్చని నీరు కావలెనన్నచో అట్లాంటిక్కునకు ఆవలి ఒడ్డునకు పోవలెను. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రమున మర్టిల్ బీచ్ పట్టణము నడుమగా సుమారు 100 కిలోమీటర్ల పొడవున తెగక సాగిన ఇసుకతీరమును 'గ్రాండ్ స్ట్రాండ్' అందురు. అచట తొలి కోర్సు 1927లో వెలసినది. నేడు ఎనుబదికి పైగా కలవు. 1954 అక్టోబరులో హేజెల్ అను పెనుతుపాను తీరపు ఇండ్లను తుడిచిపెట్టగా ఊరు మరల కట్టుకొన్నది. ఆ తరువాతి దశకములలో హోటలు గదిని, ఆటరుసుమును కలిపి ఒకే ధరకు అమ్ము పద్ధతి ఇచట బాగుగా పాతుకొన్నది. ఈ తీరము తెలుగువారికి కొత్తది కాదు. షార్లట్, రాలీ నగరములలో స్థిరపడిన మన కుటుంబములు జూను, జులై నెలల శనివారములలో పులిహోర పొట్లములు కట్టుకొని కారులో మూడున్నర, నాలుగు గంటలలో ఇచటికి చేరుదురు. నీరు 27, 28 డిగ్రీలు, మన కాకినాడ సముద్రమువలె గోరువెచ్చన; అమ్మమ్మలు కూడ చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని అలలలో నిలుతురు.

కాని ఇచట ఒక విశేషము గుర్తింపవలెను. గోల్ఫ్ ఆటకు ఈ ప్రాంతమున రద్దీకాలము వేసవి కాదు, వసంతమును, శరత్తును. వేసవి గది అద్దెలు సముద్రస్నానమునకు వచ్చువారి వలన పెరుగును. ఆటరుసుములు మాత్రము ఎండ వలన తగ్గును. ఇంట ఒకరిద్దరే ఆడువారున్న కుటుంబమునకు ఈ తారుమారు లాభమే. ఆడువాడు తెల్లవారక ముందే లేచి, ఆరున్నరకు మొదలిడి, పదకొండు లోపల ముగించుకొని రావలెను. అటుపై 31, 32 డిగ్రీల వేడిమియు, ఒడలంతయు జిడ్డుగొల్పు ఉక్కయు, మధ్యాహ్నపు ఉరుములును ఉండును. పిడుగు సూచన రాగానే భోంగా మ్రోగును. మ్రోగిన వెంటనే, ఎంత మంచి ఆటలో ఉన్నను, కర్రను వదలి నీడకు చేరవలెను. జూను 1 నుండి నవంబరు 30 వరకు తుపానుల ఋతువు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో బస కుదుర్చుకొనువారు సొమ్ము తిరిగి వచ్చు షరతును చదివి మరీ సంతకము చేయవలెను.

అదే రాష్ట్రమున దక్షిణపు కొనను హిల్టన్ హెడ్ ద్వీపము కలదు. 1956లో వంతెన కట్టువరకు అది పడవలపై మాత్రమే చేరదగిన చోటు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతియైన గల్లా ప్రజలు, స్వేచ్ఛ పొందిన పిదప, అచట చేపలు పట్టుకొనుచు, కూరగాయలు పండించుకొనుచు స్వంత భాషతో, స్వంత పాటలతో జీవించిరి. వంతెనతో పాటు చార్లెస్ ఫ్రేజరు మొదలైనవారి విడిదినగరములు వచ్చినవి. భూమి వెల పెరిగినది, పన్నులు పెరిగినవి, వారి భూములు చాలవరకు చేయిజారినవి. కొన్ని పితృశ్మశానములు నేడు కావలివాండ్రున్న గేట్ల లోపల మిగిలినవి. ఈ ద్వీపమునకు పోవువారు 1969లో పీట్ డై, జాక్ నిక్లాస్ కలిసి దిద్దిన హార్బర్ టౌన్ కోర్సును, దాని చెంతనున్న ఎఱుపు తెలుపు చారల దీపస్తంభమును చూచినట్లే, గల్లా ప్రజల ఊళ్ళను, చర్చీలను కూడ చూచి రావలెను. విహారస్థలము ఎవరి భూమిపై నిలిచినదో తెలిసికొనుట యాత్రికుని కనీసధర్మము. ఇచటి ఆటుపోట్ల తేడా ఇంచుమించు 2 మీటర్లు. ఆటువేళ ఇసుక సిమెంటు నేలవలె గట్టిపడి, దానిపై మైళ్ళకొలది సైకిలు తొక్కవచ్చును. మే నెల మొదలు అక్టోబరు వరకు సముద్రపు తాబేళ్ళ ఋతువు; అవి రాత్రివేళ ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల నుండి వెలువడిన తాబేటిపిల్లలు వెలుగును జూచి దారితప్పి రోడ్డువైపు పోకుండ, తీరమునకెదురైన గదులలో రాత్రి దీపము లార్పుదురు.

ఐరోపాలో ఎండకు కొదవలేని తీరము పోర్చుగల్ దక్షిణమందలి అల్‌గార్వ్. ఓపెన్ అను ప్రసిద్ధమైన గోల్ఫ్ పోటీని 1934, 1937, 1948లలో మూడుమార్లు గెలిచిన హెన్రీ కాటన్ అచటి చిత్తడి వరిపొలములలో వేలకొలది చెట్లు నాటించి నీరు పీల్పించి, 1966లో పెనినా కోర్సును తెరపించెను. తన కర్రలు మోయుటకు ఒక గాడిదను పెంచెను. వేసవిలో వాన దాదాపు లేదు. ఎఱ్ఱరాతి కొండకొమ్ముల క్రింద బంగారు ఇసుక. కాని వాన లేనిచోట పచ్చిక బ్రతుకుటకు నీరెక్కడిది? 2024 ఆరంభమున ఆ ప్రాంతమున నీటి ఎద్దడి తీవ్రమై వాడకముపై ఆంక్షలు వచ్చినవి. శుద్ధిచేసిన మురుగునీటితో పచ్చిక పెంచు కోర్సును అడిగి తెలిసికొని ఎంచుకొనుట మంచిది. ఇక అమెరికాలో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పేరులో బీచ్ ఉన్నదని స్నానమునకు ఆశపడరాదు. 1919లో తెరచిన ఆ కోర్సు సౌందర్యము అద్వితీయము, నీరు స్కాట్లండు నీటివలె చల్లన, జులై పొద్దుటిపూట పొగమంచు.

మన తీరమున విశాఖపట్టణమందు కొండకును సముద్రమునకును నడుమ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు కలదు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఋషికొండ తీరము దానికి దూరము కాదు. ఐతే మే నెల ఉక్కలో అచట నాలుగు గంటలు నడచుట శిక్షయే. ఆ విడిదికి మార్గశిర, పుష్యమాసములే తగినవి.

ఎంచుకొన్న పిదప చేయవలసిన ఏర్పాట్లు కొన్నియే. కర్రలు విమానములో మోయుట కంటె అద్దెకు తీసికొనుట సుఖము. బూట్లు మాత్రము వాడి అలవాటుపడిన స్వంతవే కావలెను, ఏలయన ఒక ఆటకు ఎనిమిది, పది కిలోమీటర్లు నడక పడును. పేరుపొందిన కోర్సులు ఆటగాని స్థాయిని తెలుపు హాండీక్యాప్ పత్రము అడుగును. ఇంటి క్లబ్బు నుండి ముందే తెచ్చుకొనవలెను. వరుసగా ప్రతిదినమును ఆడుట కంటె దినము విడిచి దినము ఆడుట ఇంటివారికిని, ఆడువాని నడుమునకును మేలు. ఇసుకతీరపు కోర్సులు ఎల్లకాలము ఉండునవి కావని కూడ తలపున ఉంచుకొనవలెను: కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇండ్లను మ్రింగుచున్న సముద్రమే, స్కాట్లండున మాంట్రోజ్ పట్టణపు పురాతన లింక్స్‌ను కోయుచు, మొదటి దెబ్బ కొట్టు తావులైన టీలను లోపలికి జరిపించినది. వెస్ట్ శాండ్స్ వెనుక మర్రమ్ గడ్డి నాటి దిబ్బలను కాపాడుచున్నారు; కంచె వేసినచోట త్రొక్కకుండుట యాత్రికుని వంతు.

సెయింట్ ఆండ్రూస్‌కు పోవువారు ఆదివారమును తప్పక కలుపుకొనవలెను. ఓపెన్ వంటి పెద్ద పోటీలు లేని ఆదివారములందు ఓల్డ్ కోర్సుపై ఆట ఉండదు. ఆ దినము అది ఊరి తోట. కుక్కల గొలుసులు పట్టుకొని ముసలివారును, బండ్లలో శిశువులను త్రోసికొనుచు తల్లులును, వేడి టీ సీసాలతో పెండ్లియైన క్రొత్తజంటలును, ముందునాడు చీటీలో పేరు రానివాడును, పచ్చికపై ఎక్కడ కావలెనన్న అక్కడ నడతురు. స్విల్కన్ అను సెలయేటిపై, పూర్వము గొఱ్ఱెలను దాటించుటకు కట్టిన చిన్న రాతివంతెన మీద వంతులవారీగా నిలిచి ఫొటోలు తీయించుకొందురు. ఆ సెలయేరు వంతెన దాటి, మొదటి గ్రీను ముందుగా వంపుతిరిగి, కొద్దిదూరములోనే వెస్ట్ శాండ్స్ ఇసుకలో కలియును. పిల్లలు దాని వెంబడి పరుగెత్తుచు పోయి, బూట్లు విప్పి, ఆ నీటికి ఇసుకతో అడ్డుకట్ట వేయుచుందురు.